స్మార్ట్ స్పీకర్ల తయారీదారులకు బహిరంగ లేఖ: తప్పు ఎక్కడుందో నిజం చెప్పండి

స్మార్ట్ స్పీకర్లు తయారుచేసే సంస్థల అధిపతులకు, వాటికి సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీర్లకు, కస్టమర్ కేర్ సిబ్బంది చదవాల్సిన జవాబులు రాసిపెట్టేవాళ్లకు,

నమస్కారం.

మా ఇంటికి కొత్తగా వచ్చిన స్మార్ట్ స్పీకర్ సరిగా పనిచేయడం లేదు. అది ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. పేరు రాస్తే ఆ ఒక్క కంపెనీ సంజాయిషీ ఇచ్చుకుంటుంది, మిగతావాళ్లు ఇది తమ గొడవ కాదని ఊరుకుంటారు. నేను చెప్పబోయే అలవాటు మీ అందరిలోనూ ఉంది కాబట్టి ఈ లేఖ మీ అందరికీ.

యంత్రం అన్నాక ఒక్కోసారి మొరాయిస్తుంది. అది నాకు తెలుసు, దాని మీద నాకు పెద్దగా కోపం లేదు. నా బాధంతా ఒక్క విషయం గురించే. మీ స్పీకర్ పనిచేయనప్పుడు ఎందుకు పనిచేయడం లేదో చెప్పదు. చెప్పినా చాలాసార్లు నిజం చెప్పదు. తప్పు ఎక్కడున్నా కొన్నవాళ్ల మీదకే నెడుతుంది. వాతావరణం, వార్తలు, క్రికెట్ స్కోరు అన్నీ చక్కగా చెప్పగలిగే వస్తువు, తన గురించి అడిగేసరికి మాట దాటేస్తుంది. ఇది మీరు కావాలని పెట్టిన పద్ధతో, ఎవరూ పట్టించుకోక మిగిలిపోయిన లోపమో నాకు తెలియదు. ఏదైనా సరే, దిద్దుకోవలసింది మీరే.

మొదటి రోజు జరిగిన దానితో మొదలుపెడతాను. ప్లగ్ పెట్టగానే లైటు వెలిగింది, స్వాగతం చెప్పింది. ఫోన్‌లో యాప్ వేసుకోమంది, వేసుకున్నాం. అకౌంట్ తెరవమంది, తెరిచాం. లొకేషన్‌కి అనుమతి అడిగింది, బ్లూటూత్‌కి అడిగింది, కాంటాక్ట్‌లకి అడిగింది. అన్నీ ఇచ్చాం. తీరా వైఫై పాస్‌వర్డ్ కొట్టాక "పాస్‌వర్డ్ సరిచూసుకోండి" అని వచ్చింది. ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాం. మళ్లీ అదే. అదే పాస్‌వర్డ్‌తో ఇంట్లో ఫోన్లు, టీవీ, లాప్‌టాప్ హాయిగా నడుస్తున్నాయి. ఇంకొంతసేపటికి ఆ మాట కూడా పోయి "ఏదో తప్పు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి" అన్నది మిగిలింది.

కారణం ఏమిటో చివరికి నెట్‌వర్క్‌ల పని తెలిసిన స్నేహితుడు ఒకరు వచ్చి చూసి చెప్పారు. మా రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతికి మాత్రమే పెట్టి ఉంది. మీ స్పీకర్‌కి పాత డబ్ల్యూపీఏ2 మాత్రమే వచ్చు. రౌటర్‌ని రెండు పద్ధతులూ ఒప్పుకునేలా మార్చగానే, అదే పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయిపోయింది. అంటే పాస్‌వర్డ్ ఏనాడూ తప్పు కాదు. వ్యవహారం అసలు పాస్‌వర్డ్ దాకా వెళ్లనే లేదు.

ఇక్కడ నాకు కోపం వచ్చే విషయం ఇంకొకటి ఉంది. రౌటర్ ఎప్పుడూ తన చుట్టూ పంపే సంకేతంలోనే తన పేరుతోపాటు, తాను ఏ సెక్యూరిటీ వాడుతుందో కూడా ఉంటుంది. మీ స్పీకర్ నెట్‌వర్క్ పేరు చదివి జాబితాలో చూపించింది కదా. పేరు ఏ సంకేతంలో ఉందో ఆ వివరమూ అందులోనే ఉంది. అంటే మేము పాస్‌వర్డ్ కొట్టకముందే "మీ రౌటర్ సెక్యూరిటీ పద్ధతి నాకు రాదు, ఫలానా సెట్టింగ్ మార్చండి" అని చెప్పడానికి కావలసినదంతా దాని చేతిలో ఉంది. చెప్పలేదు. పైగా జరగని తప్పుని మా మీద వేసింది.

ఇది ఒక్క డబ్ల్యూపీఏ3 సంగతే అయితే ఇంత రాసేదాన్ని కాదు. వైఫై కనెక్షన్ కుదరకపోవడానికి ఉన్న కారణాలు అంతు తెలియనివేమీ కావు. 802.11 అని మీరందరూ పాటించే వైఫై ప్రమాణంలోనే, కనెక్షన్ ఎందుకు తిరస్కరించారో, ఎందుకు తెగిందో చెప్పే నంబర్లు ఉన్నాయి. రౌటర్ ఇక కొత్త పరికరాలను చేర్చుకోలేని స్థితిలో ఉంటే దానికి 17 అనే స్టేటస్ కోడ్ ఉంది. తాళాలు సరిపోల్చుకునే నాలుగు దశల సంభాషణ గడువులోగా పూర్తికాకపోతే దానికి 15 అనే రీజన్ కోడ్ ఉంది. ఈ నంబర్లు స్పీకర్ లోపలికి వస్తాయి. లోపలికి వచ్చినదాన్ని మీ సాఫ్ట్‌వేర్ "ఏదో తప్పు జరిగింది" అనే ఒకే వాక్యంలోకి తొక్కేసి బయటికి పంపుతుంది. తెలిసిన విషయాన్ని తెలియనట్టు మార్చి చెప్పడానికి కూడా ఎవరో ఒకరు కూర్చుని కోడ్ రాయాలి. ఆ పని ఎందుకు చేశారని అడుగుతున్నాను.

వైఫై నడిచే రేడియో తరంగాల్లో 2.4 గిగాహెర్ట్‌జ్, 5 గిగాహెర్ట్‌జ్ అని వేర్వేరు బ్యాండ్లు ఉంటాయి, కొన్ని స్పీకర్లు 2.4లోనే పనిచేస్తాయి. ఫోన్ 5 గిగాహెర్ట్‌జ్‌లో ఉంటే సెటప్ సమయంలో ఒకదానికొకటి కనబడకపోవచ్చు. అతిథుల కోసం విడిగా ఉంచే గెస్ట్ నెట్‌వర్క్‌లో పెడితే చాలా రౌటర్లు పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వవు. రౌటర్ దూరమై, మధ్యలో గోడలు ఎక్కువైతే సిగ్నల్ బలహీనపడుతుంది. ఇవన్నీ మీకు ఎప్పటినుంచో తెలిసిన సంగతులే. మీ సహాయ పుటల్లో కూడా రాసి ఉంటాయి, అదీ ఇరవై అంశాల జాబితాగా, ఏది మా ఇంటికి వర్తిస్తుందో చెప్పకుండా. ఆ జాబితాలో సగం స్పీకరే స్వయంగా పరీక్షించుకుని తేల్చగలదు. సిగ్నల్ ఎంత ఉందో దానికి తెలియదా? రౌటర్ అడ్రస్ ఇచ్చిందో లేదో తెలియదా? రౌటర్ దాకా వెళ్లి ఇంటర్నెట్ దొరకలేదా, ఇంటర్నెట్ ఉండి మీ సర్వర్ పలకలేదా అన్న తేడా తెలియదా? అన్నీ తెలుసు. అయినా ఆ వెతుకులాటంతా మాకు అప్పగించి తను ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది.

లైటు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. నారింజ రంగు తిరిగితే ఒక అర్థం, పసుపు ఆరి వెలిగితే ఒక అర్థం, ఎరుపు ఆగకుండా ఉంటే ఇంకో అర్థం. ఒక్కో కంపెనీకి ఒక్కో పద్ధతి. ఈ స్పీకర్ మేము కొన్నది ప్రధానంగా మా నాన్నగారి కోసం. ఆయనకి చూపు బాగా తగ్గిపోయింది. ఫోన్‌లో అక్షరాలు కనబడవు, టీవీ రిమోట్ మీద బటన్లు తెలియవు. నోటితో అడిగితే వార్తలు వినొచ్చని, పాటలు పెట్టించుకోవచ్చని, మందుల వేళ గుర్తుచేస్తుందని తీసుకున్నాం. మీ ప్రకటనల్లో కూడా పెద్దవాళ్లను, చూపు లేనివాళ్లను చూపించే కదా అమ్ముతున్నారు. అలాంటి మనిషికి లైటు రంగుతో తప్పు చెబితే ఆయన ఎలా తెలుసుకోవాలి? దానికి నోరు ఉంది. ఆ నోటితో "ఇంటర్నెట్ లేదు" అని చెబితే సరిపోయేది.

నాన్నగారి విషయంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఆయన నెమ్మదిగా మాట్లాడతారు. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవడానికి కాస్త ఆగుతారు. ఆయన ఆగిన చోటల్లా స్పీకర్ మాట అయిపోయిందనుకుని వినడం ఆపేస్తుంది, సగం మాటకి ఏదో ఒక జవాబు చెబుతుంది, లేదా "నాకు అర్థం కాలేదు" అంటుంది. ఎంతసేపు నిశ్శబ్దంగా ఉంటే మాట ముగిసినట్టు లెక్క అనేది మీరు నిర్ణయించే విషయం. జవాబు చకచకా రావాలని ఆ గడువును తక్కువగా పెడతారు. త్వరగా, ఆపకుండా మాట్లాడేవాళ్లకి అది బాగానే ఉంటుంది. వయసు మీద పడినవాళ్లకి, నత్తి ఉన్నవాళ్లకి, పక్షవాతం వచ్చి మాట పట్టేసినవాళ్లకి అదే గడువు తలుపు మూసేసినట్టు అవుతుంది. మా స్పీకర్‌లో దాన్ని పెంచుకునే సెట్టింగ్ ఎంత వెతికినా దొరకలేదు. కొన్ని కంపెనీలు అలాంటి సౌకర్యం ఇచ్చాయి, అంటే చేయలేని పనేమీ కాదు. మిగతావాళ్లు ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లు కూడా అది ఉందని ఎక్కడో లోపలి మెనూలో తప్ప చెప్పరు.

కొన్నాళ్లకి నాన్నగారు "నా గొంతే బాగుండటం లేదేమో, దానికి అర్థం కావట్లేదు" అనడం మొదలుపెట్టారు. చుట్టాలతో, డాక్టర్‌తో, ఫోన్‌లో అందరితో మాట్లాడే మనిషి ఆయన. ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. మీ యంత్రం "నాకు అర్థం కాలేదు" అని పదే పదే అనేసరికి లోపం తనలో ఉందని నమ్మేశారు. ఇది చిన్న విషయం అనుకోకండి. "మీ మాట మధ్యలో ఆగడం వల్ల నేను ముందే ఆపేశాను, ఇంకాసేపు వినేలా మార్చమంటారా?" అని స్పీకర్ అడిగి ఉంటే ఆయన ఆ మాట అనేవారు కాదు.

గొంతు గుర్తించడంలో అందరికీ ఒకే న్యాయం జరగడం లేదని మీ రంగంలోనే రుజువైంది. 2020లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెజాన్, ఆపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్‌ల మాట గుర్తింపు వ్యవస్థలను పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. తెల్లజాతివాళ్లు మాట్లాడినప్పుడు సగటున నూరు పదాల్లో 19 తప్పు పోతే, నల్లజాతివాళ్లు మాట్లాడినప్పుడు 35 తప్పు పోయాయి. ఇద్దరూ మాట్లాడింది ఇంగ్లీషే, అదీ వాళ్ల సొంత దేశంలో. యంత్రానికి నేర్పడానికి ఎవరి గొంతులు ఎక్కువ వాడారో వాళ్లకే అది బాగా పనిచేస్తుందన్నది పరిశోధకులు ఎత్తిచూపిన కారణం. ఇంక యాస వేరైనవాళ్ల సంగతి, రెండు భాషలు కలిపి మాట్లాడే ఇళ్ల సంగతి, పిల్లల సంగతి, పెద్దవాళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? ఆ తేడాలన్నీ పెట్టుకుని కూడా యంత్రం అనేది "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనే. మళ్లీ చెప్పవలసిన పని ఎప్పుడూ మాదే.

పిలిచినప్పుడు పలకకపోవడం, పిలవనప్పుడు పలకడం కూడా ఉంది. దీన్ని నేను కొంత అర్థం చేసుకోగలను. పిలుపు మాటని గుర్తించే చిన్న ప్రోగ్రామ్ స్పీకర్ లోపలే నడుస్తుంది. దాన్ని కఠినంగా పెడితే నిజంగా పిలిచినా పలకదు, సడలిస్తే టీవీలో ఎవరో అన్న మాటకి కూడా లేస్తుంది. ఫ్యాను చప్పుడు, ఖాళీ గదిలో ప్రతిధ్వని, తనే వినిపిస్తున్న పాట, వీటన్నిటి మధ్య గొంతుని వేరు చేయడం కష్టమైన పనే. 2014లో వచ్చిన మొదటి అమెజాన్ ఎకో స్పీకర్‌లో ఇందుకోసమే ఏడు మైకులు పెట్టారు. కష్టమైన పని అని ఒప్పుకుంటాను. దాన్ని సర్దుకునే వీలు మా చేతికి ఇవ్వకపోవడాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఈ గదిలో చప్పుడు ఎక్కువగా ఉంది, గోడకి మరీ దగ్గరగా పెట్టారు, ఫలానా చోట పెడితే బాగా వినబడుతుంది అని మైకులు ఉన్న వస్తువే చెప్పగలదు.

ఇప్పుడు కస్టమర్ కేర్ గురించి. అక్కడ పనిచేసేవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు, వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. వాళ్ల ముందు మీరు పెట్టిన కాగితం మీదే ఫిర్యాదు. ఎవరితో మాట్లాడినా అదే వరుస: ప్లగ్ తీసి పెట్టండి, రౌటర్ ఆపి వేయండి, యాప్ తీసి మళ్లీ వేసుకోండి, చివరికి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రీసెట్ చేస్తే అంతకుముందు చేసుకున్న ఏర్పాట్లన్నీ పోతాయి. మొదటినుంచి మొదలుపెట్టాలి. అప్పటికీ పనిచేయకపోతే "మీ ఇంటర్నెట్ వాళ్లని అడగండి" అంటారు. ఇంటర్నెట్ వాళ్లని అడిగితే "మా లైన్ బాగానే ఉంది, స్పీకర్ కంపెనీని అడగండి" అంటారు. ఇద్దరి మధ్యా తిరిగేది మేము. స్పీకర్ లోపల ఏం జరిగిందో రాసి ఉన్న లాగ్ మీ దగ్గర ఉంటుంది, లేదా తెప్పించుకోగలరు. మాతో మాట్లాడే మనిషికి అది చూపించరు, మాకూ చూపించరు.

రీసెట్ అనేది ఏ హానీ లేని సలహా అని మీరు అనుకుంటున్నట్టున్నారు. అలా కానే కాదని రెండు సంఘటనలు చెబుతాయి. 2019 అక్టోబర్ చివర్లో ఆపిల్ హోమ్‌పాడ్ స్పీకర్లకు వచ్చిన 13.2 అప్‌డేట్ వల్ల కొన్ని స్పీకర్లు పూర్తిగా పనిచేయకుండా పోయాయి. ఆపిల్ ఆ అప్‌డేట్‌ని వెనక్కి తీసుకుని, ఇప్పటికే వేసుకున్నవాళ్లు దయచేసి రీసెట్ చేయవద్దని చెప్పింది. 2025 మార్చిలో టీవీకి తగిలించుకునే గూగుల్ రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, ఇంట్లోని స్పీకర్లకు తగిలించుకునే క్రోమ్‌కాస్ట్ ఆడియోలు ఒక్కసారిగా ఆగిపోయాయి. పరికరం అసలైనదేనని నిరూపించడానికి కంపెనీ జారీచేసిన ఒక డిజిటల్ సర్టిఫికెట్‌కి పదేళ్ల గడువు తీరిపోవడం దానికి కారణం. ఇళ్లలో వాళ్లకి కనబడిన సందేశం మాత్రం పరికరాన్ని నమ్మలేకపోతున్నామని, దాని ఫర్మ్‌వేర్, అంటే లోపలి సాఫ్ట్‌వేర్, పాతబడి ఉండొచ్చని. గూగుల్ కూడా అప్పుడు రీసెట్ చేయవద్దనే కోరింది. కానీ అప్పటికే ఎందరో రీసెట్ చేసేశారు, ఎందుకంటే ఏళ్ల తరబడి మీరు నేర్పింది అదే. ఆ ఇళ్లలో సమస్య ఇంకా ముదిరింది, వాళ్లకోసం గూగుల్ ప్రత్యేకంగా మరో పరిష్కారం తేవలసి వచ్చింది.

ఆ క్రోమ్‌కాస్ట్ సందేశం గురించి ఒక్కసారి ఆలోచించండి. గడువు తీరింది కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్‌కి. వేలు చూపించింది ఇంట్లో ఉన్న పరికరం వైపు. మా పాస్‌వర్డ్ సందేశానికీ దానికీ నాకు తేడా కనబడలేదు.

సర్వర్ల సంగతి కూడా ఇలాగే ఉంది. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్ సేవల్లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడుకునే పెద్ద కంప్యూటర్లలో, అమెరికా తూర్పు ప్రాంతపు డేటా సెంటర్ల దగ్గర, ఇంటర్నెట్ పేర్లకి అడ్రసులు వెతికిపెట్టే డీఎన్ఎస్‌లో సమస్య వచ్చింది. ప్రపంచంలో ఎన్నో సేవలతోపాటు అమెజాన్ స్పీకర్లలో మాట్లాడే అలెక్సా కూడా చాలామందికి పలకలేదు. ముందే పెట్టుకున్న అలారాలు మోగలేదని ఎందరో చెప్పారు. గడియారం చూసి ఒక వేళకి మోగడానికి క్లౌడ్ దేనికి? మాట అర్థం చేసుకోవడానికి పెద్ద కంప్యూటర్లు కావాలంటే సరే. ఒకసారి అర్థమై, వేళ ఖరారయ్యాక, అది స్పీకర్‌లోనే ఉండాలి, ఇంటర్నెట్ లేకున్నా మోగాలి. మందుల వేళ గుర్తుచేయమని దీని మీద ఆధారపడినవాళ్లు ఉన్నారు. మా ఇంట్లో ఉన్నారు. ఆ వేళ తప్పితే "సర్వర్‌తో సమస్య వచ్చింది" అన్న జవాబు ఎవరికి కావాలి? అదీ ఆలస్యంగా, అడిగితేనే వచ్చే జవాబు.

మేము పలికే మాటలు మాత్రం మీకు చేరుతూనే ఉండాలి. అమెరికాలో కొన్ని ఎకో స్పీకర్లలో, మాటల రికార్డింగును క్లౌడ్‌కి పంపకుండా, మాటలను స్పీకర్‌లోనే అక్షరాలుగా మార్పించుకునే అవకాశం ఒకటి ఉండేది. 2025 మార్చి 28 నుంచి అమెజాన్ దాన్ని తీసేసింది. మీ వ్యాపార కారణాలు మీకు ఉంటాయి. మా ఇంట్లో మాట మీదాకా వస్తున్నప్పుడు మీ దగ్గరి లోపం మాదాకా ఎందుకు రాదు అన్నదే నా ప్రశ్న.

అప్‌డేట్ల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే 2024 మేలో స్పీకర్లు చేసే సోనోస్ కంపెనీ కొత్త యాప్ తెచ్చినప్పుడు ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. అలారాలు, స్లీప్ టైమర్ లాంటివి కొత్త యాప్‌లో లేకుండా పోయాయి. చూపు లేనివాళ్లు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వాడుకునే వీలు దెబ్బతింది. నిన్నటిదాకా పనిచేసిన వస్తువు, ఇంట్లో ఎవరూ ముట్టుకోకుండానే పనికిరాకుండా పోయింది. ఆ సంస్థ అధిపతి జులైలో బహిరంగంగా క్షమాపణ చెప్పారు, 2025 జనవరిలో పదవి నుంచి తప్పుకున్నారు. ఆ క్షమాపణ మిగతా కంపెనీలకి ఒక పాఠంగా పనికొచ్చిందో లేదో నాకు కనబడటం లేదు. పాత యాప్‌కి వెనక్కి వెళ్లే దారి ఉంచకుండా కొత్తది రుద్దడం ఇంకా అందరూ చేస్తున్నారు.

ఇక ఎన్నాళ్లు పనిచేస్తుందన్న ప్రశ్న. కొనేటప్పుడు పెట్టె మీద మైకులు ఎన్నో, రంగు ఏమిటో, పాటల సేవలు ఏవో అన్నీ రాసి ఉన్నాయి. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో మాత్రం లేదు. ఇది మా పెట్టె ఒక్కదాని సంగతి కాదు. 2024 నవంబర్‌లో వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 184 స్మార్ట్ వస్తువుల వెబ్ పుటలు వెతికి చూస్తే, 163 వస్తువులకి సాఫ్ట్‌వేర్ సహాయం ఎంతకాలమో ఎక్కడా చెప్పలేదు. నూటికి దాదాపు 89. మద్దతు ఆపేస్తే ఏమవుతుందో మనం చూశాం. ఇంట్లో లైట్లను, తలుపులను నడిపే రివాల్వ్ హబ్ అనే పరికరాన్ని, దాని తయారీ సంస్థను కొన్న నెస్ట్ అనే కంపెనీ 2016 మేలో సర్వర్లు ఆపేసి పనికిరాని పెట్టెగా మార్చింది. మైక్రోసాఫ్ట్ వారి మాట్లాడే సహాయకురాలు కోర్టానాతో పనిచేసే హర్మన్ కార్డన్ ఇన్వోక్ స్పీకర్ 2021లో మాట పోగొట్టుకుంది. దాన్ని కనీసం బ్లూటూత్ స్పీకర్‌గా వాడుకునేలా అప్‌డేట్ ఇచ్చారు, ఆ మాత్రం చేసినందుకు మెచ్చుకోవాలి. రివాల్వ్ కొన్నవాళ్లకి అదీ దక్కలేదు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇలాంటి వస్తువు అమ్మేవాళ్లు కనీసం ఎంతకాలం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో ప్రకటించి తీరాలి. ఐరోపా సమాఖ్య సైబర్ రెజిలియన్స్ చట్టం ప్రధాన నిబంధనలు 2027 డిసెంబర్ 11 నుంచి అమలవుతాయి. వాటి ప్రకారం ఆ కాలం మామూలుగా ఐదేళ్లకు తగ్గకూడదు, వస్తువు అంతకంటే తక్కువ కాలమే వాడేదైతే తప్ప. అక్కడ చట్టం ఉంది కాబట్టి అక్కడ చెబుతారు. చట్టం లేనిచోట కొన్నవాళ్లకి కూడా అదే వస్తువు అమ్ముతున్నారు, అదే సాఫ్ట్‌వేర్ నడుపుతున్నారు. ఒక దేశంలో చెప్పగలిగిన తేదీని మరో దేశంలో పెట్టె మీద ముద్రించడానికి ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి చట్టం కోసం చూడకుండా ముద్రించండి.

మీ నుంచి నేను కొత్త ఫీచర్లు అడగడం లేదు. వింతలు, విశేషాలు, కొత్త గొంతులు, కొత్త రంగులు ఏవీ వద్దు. తప్పు జరిగినప్పుడు మీ స్పీకర్‌కి తెలిసిన కారణాన్ని దాని నోటితోనే, ఇంట్లో ఎవరికైనా అర్థమయ్యే మాటల్లో చెప్పించండి. తెలియనప్పుడు తెలియదని చెప్పించండి, మా పాస్‌వర్డ్ మీద పెట్టకండి. తప్పు మీ సర్వర్‌దైతే "ఇది మా వైపు సమస్య, మీరు ఏమీ చేయనక్కర్లేదు" అని చెప్పించండి. ఆ ఒక్క వాక్యం ఉంటే ఎన్ని ఇళ్లలో అనవసరపు రీసెట్లు, అనవసరపు మాటామాటా తప్పుతాయో మీకే తెలుస్తుంది. వినే గడువు పెంచుకునే సెట్టింగ్‌ను సెటప్ సమయంలోనే, మొదటి ప్రశ్నల్లోనే అడగండి. అలారాలు, రిమైండర్లు ఇంటర్నెట్ లేకున్నా పనిచేయాలి. కస్టమర్ కేర్‌లో ఫోన్ ఎత్తే మనిషికి, మా అనుమతి తీసుకుని, మా స్పీకర్ లాగ్ చూసే వీలు ఇవ్వండి. రీసెట్ అనే సలహా అది చూశాక, అవసరమైతే, చివరగా ఇవ్వాలి.

ఇవన్నీ ఒక్కసారిగా జరగవని నాకు తెలుసు. దేనితో మొదలుపెట్టాలో మాత్రం చెప్పగలను. మీ వచ్చే అప్‌డేట్‌లో "పాస్‌వర్డ్ సరిచూసుకోండి" అన్న సందేశం ఏయే సందర్భాల్లో వస్తుందో ఒక్కసారి వెతికించండి. పాస్‌వర్డ్ నిజంగా తప్పైనప్పుడు తప్ప మిగతా అన్నిచోట్లా దాన్ని తీయించి, ఆ చోట అసలు కారణం రాయించండి. ఆ పని ఏ అప్‌డేట్‌లో చేస్తారో మీ అప్‌డేట్ వివరాల్లో అందరికీ కనబడేలా ప్రకటించండి. ఈ లేఖకి మీ జవాబు నాకు విడిగా పంపనక్కర్లేదు, అక్కడే చదువుకుంటాను.

ఇట్లు,
మీ స్పీకర్ కొన్న ఒక వినియోగదారు